బీజసంఖ్యలో ఇమిడిన గెలాక్సీలు

1984లో బ్రిటన్‌లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ ‘ఎలైట్’ అనే కంప్యూటర్ ఆటను రూపొందించారు. అందులో 8 గెలాక్సీలు, ఒక్కొక్కదానిలో 256 నక్షత్రాలు. ఆ ఆట నడిచిన బీబీసీ మైక్రో కంప్యూటర్ మెమరీ 32 కిలోబైట్లే. ఇన్ని నక్షత్రాల పేర్లు, స్థానాలు అందులో ఎలా పట్టాయి?

వాటిని అసలు దాచలేదు. అవసరమైనప్పుడల్లా కంప్యూటరే లెక్కగట్టేది. ఇలాంటి లెక్కకు మొదట ఇచ్చే సంఖ్యను ‘బీజం’ అంటారు. ఉదాహరణకు 7ను బీజంగా తీసుకుందాం. దాన్ని 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగిస్తే శేషం 6. ఆ 6తో మళ్లీ అదే చేస్తే 1, తర్వాత 8, ఆపై 11. పొంతన లేనట్టు కనిపించే ఇలాంటి సంఖ్యల్లో ఒకటి నక్షత్రం స్థానాన్ని, మరొకటి గ్రహం పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. ఆటల్లోని సూత్రాలు ఇంతకంటే పెద్దవి, పద్ధతి ఇదే. బీజం, సూత్రం మారనంత వరకు ఫలితం మారదు. కనుక గమ్హరియా విద్యార్థి చూసిన గ్రహమే గుంటూరు విద్యార్థికీ కనిపిస్తుంది.

2016లో వచ్చిన ‘నో మ్యాన్స్ స్కై’ ఆట 64 బిట్ల సంఖ్యలను వాడింది. అంటే 64 రెండ్లను గుణిస్తే వచ్చేన్ని గ్రహాలు సాధ్యం. సెకనుకు ఒకటి చొప్పున చూసినా 58,000 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. విశ్వం వయస్సే సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు! ఆటను తయారుచేసినవారు సైతం వాటిలో చాలావాటిని చూడలేరు. నియమం వారిది, దాని ఫలితాన్ని తొలిసారి చూసేది ఆటగాడే.