బండి ఎక్కడ పెట్టమంటారు?

తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని మా బోటి పంతుళ్ళం ఏటేటా తరగతిలో చెబుతూనే ఉంటాం. రాముడు రావణుణ్ణి చంపాడంటాం గాని, రామునిచేత రావణుడు చంపబడెనని ఇంట్లో ఎవరూ అనరు. అయితే ఆ ప్రయోగం నిక్షేపంగా బతుకుతున్న చోటొకటి ఉంది. విజయవాడలో గుణదల వైపు కాలేజీల చుట్టుపక్కల సందుల్లోకి వెళ్ళి ఇళ్ళ గేట్లు చూడండి. "గేటు ముందు బండ్లు నిలుపరాదు. నిలిపినచో గాలి తీయబడును." తీసేదెవరో బోర్డులో ఉండదు. ఇంటాయన కావచ్చు, వాచ్‌మన్ కావచ్చు, ఎదురింటి పిల్లవాడైనా కావచ్చు. కర్త అజ్ఞాతం, కర్మ మాత్రం ఎవరో పదిహేడేళ్ళ కుర్రవాడిది.

ఆ ఒక్క బోర్డు వెనక చాలా కథ ఉంది.

బెజవాడ మొదటినుంచీ ఇరుకు ఊరు. ఒకవైపు కృష్ణ, మరొకవైపు కొండలు, నడుమ బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. మిగిలిన నేలలోనే బజార్లూ, ఇళ్ళూ, రైలుస్టేషనూ సర్దుకోవాలి. అందుచేత చదువులకు చోటు కావలసినప్పుడల్లా ఊరు తూర్పుగా చేయి చాచింది. 1937లో మాచవరంలో ఎస్.ఆర్.ఆర్. కళాశాల వెలిసింది. 1953లో ఏసు సభవారు గుణదల దగ్గర ఆంధ్ర లయోలా కళాశాల స్థాపించారు. 1962లో ఆడపిల్లలకు మేరిస్ స్టెల్లా వచ్చింది. 1980లో సిద్ధార్థ వైద్య కళాశాల, 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం. తరువాత లెక్కలేనన్ని ఇంటర్మీడియెట్ కాలేజీలు, వాటి హాస్టళ్ళు. అంతకుముందు గుణదల అంటే 1924 నుంచి కొలువైన కొండమీది మేరీమాత, ఫిబ్రవరి తిరునాళ్ళు; అంతే.

కాలేజీలు కట్టిననాడు అవి ఊరికి వెలుపల. ఊరే పెరుగుతూ పెరుగుతూ వచ్చి వాటి గోడలకు ఆనుకుంది. అప్పటి విద్యార్థి సైకిలుమీద వచ్చేవాడు, లేకపోతే టౌనుబస్సులో వేలాడుతూ వచ్చేవాడు. సైకిలు పొరపాటున ఎవరి వాకిట్లోనో పెట్టినా, ఇంటాయన ఒంటిచేత్తో ఎత్తి గోడకు చేరవేసి తన దారిన తాను పోయేవాడు. ఇప్పుడు, హాండిలుకు తాళం వేసి నిలిపిన నూటయాభై కిలోల మోటారుసైకిలును రిటైరైన గుమాస్తాగారు ఎక్కడికి చేరవేస్తారు?

పార్కింగు అన్న మాటకు తెలుగేమిటని తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. ఎడ్లబండి రోజుల్లో "బండి విప్పడం" అనేవారమ్మా అన్నాను. ఆ మాటలో అన్నీ ఉన్నాయి: ఎడ్లకు నీడ, మేత, కుడితి, బండికి చావడి పక్కన చోటు. చుట్టాల ఊరు వెళితే బండి ఎక్కడ విప్పాలో ఇంటివారే ఎదురొచ్చి చూపించేవారు. మోటారుబండి వచ్చాక విప్పడం పోయి "స్టాండు వెయ్యడం" మిగిలింది. ఇందులో చోటు సంగతి లేదు. కాలితో తన్నడమే ఉంది.

ఇక అసలు చిక్కు వయస్సు దగ్గర ఉంది. డిగ్రీ చదివేవాడికి పద్ధెనిమిదేళ్ళు నిండుతాయి, లైసెన్సు తెచ్చుకుంటాడు. ఇంటర్మీడియెట్ కుర్రవాడికి పదహారో, పదిహేడో. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం పదహారేళ్ళవాడు నడపదగింది యాభై సి.సి. మించని ఇంజను ఉన్న బండి మాత్రమే. (ఇవాళ దుకాణానికి పోయి అటువంటి బండి కావాలంటే కొట్టువాడు మనవంక జాలిగా చూస్తాడు.) ఆ చట్టానికి చేసిన సవరణ ఒకటి 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. మైనరు కుర్రవాడు బండి నడిపి నేరం చేస్తే, ఆ నేరం తండ్రిదీ లేదా బండి యజమానిదీ అవుతుంది: మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జుల్మానా. ఆపైన బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. కుర్రవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు మాటే లేదు. "నాకు తెలియకుండా తీసుకుపోయాడండీ" అని తండ్రి అనవచ్చు. కాని ఆ సంగతి రుజువు చేసుకోవలసిన భారం ఆయనదే.

ఇది చదివి తల్లిదండ్రులు బెదరవలసింది. చిత్రమేమంటే కాలేజీలు బెదిరాయి. "లైసెన్సు లేని విద్యార్థుల వాహనాలకు ప్రవేశం లేదు" అని గేటు దగ్గర బోర్డు కట్టాయి. మాట న్యాయమైనదే; కాదనలేం. కాని బోర్డు కట్టినంత మాత్రాన బండి ఇంటికి తిరిగిపోతుందా? గేటు దాటి, పక్క సందు దాటి, ఆ వెనక సందులో ఎవరి గోడ పక్కనో నిలుస్తుంది. కుర్రవాడు పుస్తకాలు చంకన పెట్టుకుని బుద్ధిమంతుడిలా నడిచివస్తాడు. కాలేజీ లోపల నేరం లేదు. నేరమంతా నూరు గజాల అవతల స్టాండు వేసి ఉంది.

ఆ సందులో ఉన్నవాళ్ళ పాటు చెప్పనలవి కాదు. పొద్దున్న తొమ్మిదింటికి గేటు తెరిచి స్కూటరు బయటికి తీయాలంటే నలుగురిని కేకెయ్యాలి. "ఏమబ్బాయ్, ఈ బండి నీదేనా?" అంటే "రెండు నిమిషాలు అంకుల్" అని వెళ్ళినవాడు సాయంత్రం నాలుగింటికి కనిపిస్తాడు. ఇది చిన్న బాధ. పెద్దదీ ఉంది. నాకు తెలిసిన ఒక సందులో పక్షవాతం వచ్చిన ముసలమ్మ కోసం అంబులెన్సు వస్తే అది మొగదలే ఆగిపోయింది. అడ్డంగా ఆరు బండ్లు, ఒక్కటీ కదలదు. కొడుకూ, అంబులెన్సు కుర్రవాడూ కలిసి స్ట్రెచరుమీద ఆమెను సందు చివరిదాకా మోసుకొచ్చారు. ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్న పేట ఇది. ఆసుపత్రి దగ్గరే ఉన్నా సందు దాటడానికే పావుగంట పట్టింది. మర్నాడు ఆ సందులో బండ్లన్నిటికీ గాలి తీశారు. తీయరా మరి? అయితే ఆ గాలిపోయిన బండ్లలో ఒకటి, ఆ మధ్యాహ్నం వేరే కాలేజీలో రసాయనశాస్త్రం ప్రాక్టికలు పరీక్షకు హాజరు కావలసిన కుర్రవాడిది. వాడు ముందునాటి ఆరుగురిలో లేడు.

బోర్డు రాసుకున్నంత మాత్రాన గాలి తీసే హక్కు రాదని ఇంటివారు తెలుసుకోవడం మంచిది. ఇతరులకు ప్రమాదమో అడ్డో కలిగేలా బండి నిలపడం చట్టం 122వ సెక్షను కింద తప్పు. కూడలి దగ్గర, కాలిబాటమీద, బస్టాపు దగ్గర, బడి గుమ్మం ముందు, ఆసుపత్రి గుమ్మం ముందు, ఒకరి వాకిలికి అడ్డంగా నిలపకూడదు. నిలపరాని చోట నిలిపిన బండిని ఎత్తించే అధికారం 127వ సెక్షను యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది; ఎత్తిన ఖర్చు బండి యజమానే పెట్టుకోవాలి. కాబట్టి పిలవవలసింది పోలీసును, పిన్నీసును కాదు.

పోలీసు వస్తే ఏమవుతుందో కూడా చూడండి. వెనకటిలా బెదిరించడాలూ బతిమాలుకోవడాలూ లేవు. కానిస్టేబులు ఫొటో తీస్తాడు, చలానా పడుతుంది. అది వెళ్ళేది కుర్రవాడికి కాదు. ఉయ్యూరు అవతల చెరుకుతోటకు నీళ్ళు పెడుతున్న తండ్రిగారి సెల్‌ఫోనుకు! అందులో బండి నెంబరే కాదు, చోటూ, వేళా ఉంటాయి. పదకొండు గంటలకు లెక్కల తరగతిలో ఉండవలసినవాడి బండి సినిమాహాలు ఎదుట ఎందుకుందని ఆయన అడుగుతాడు. "అమ్మతోడు నాన్నా, స్నేహితుడికిచ్చాను" అంటాడు వీడు. జుల్మానా డబ్బుకంటె ఆ చోటు పేరే ఎక్కువ ఖరీదు పడుతుంది.

పిల్లల వైపు న్యాయం లేదనను. కంకిపాడు నుంచో, గన్నవరం నుంచో, నున్న నుంచో వచ్చే కుర్రవాడికి తెల్లవారకుండానే ట్యూషను, తరువాత కాలేజీ, సాయంత్రం స్టడీ. రెండు బస్సులు మారాలి. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మాయిలకు బండి అవసరం కొంత తగ్గింది. బస్సులో చోటూ తగ్గింది. "మగపిల్లవాడు, ఎంతసేపని నిలబడతాడు?" అని తల్లి జాలిపడుతుంది. తండ్రి తాళంచెవి ఇస్తాడు. ఆ తాళంచెవి చేతికి వచ్చిననాడే అన్ని గొడవలూ మొదలవుతున్నాయి. పోలీసులూ, ఇంటివారూ, కాలేజీవారూ ఆ తరువాత దిగినవాళ్ళే.

విద్యార్థికీ ఊరికీ పడకపోవడం ఇప్పటి సంగతి కాదు. 1355 ఫిబ్రవరి 10వ తేదీన ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు పట్నంలో ఇద్దరు విద్యార్థులు సారాకొట్టులో ద్రాక్షసారా బాగాలేదని పేచీ పెట్టుకుని కొట్టువాడి నెత్తిన కొట్టారు. మాటామాటా పెరిగి రెండు మూడు రోజులు ఊరికీ విద్యాలయానికీ యుద్ధమే జరిగింది. అరవైమందికి పైగా విద్యార్థులు చచ్చిపోయారు. రాజు విద్యాలయం పక్షం వహించాడు. ఏటా ఆ రోజున ఊరి మేయరు చర్చికి నడిచివచ్చి, చచ్చిన ఒక్కొక్కరికీ ఒక పెన్నీ చొప్పున అపరాధం చెల్లించవలసి వచ్చింది. 1825లో ఒక మేయరు చెల్లించనని భీష్మించాడు గనక అది ఆగింది. నిండుగా సమాధానపడింది 1955లో.

బండ్లు వచ్చాక ఆ దేశాలలో తగాదా చోటుమీదికి తిరిగింది. కేంబ్రిడ్జిలో విద్యార్థి మోటారు బండి ఉంచుకోవాలంటే విశ్వవిద్యాలయం అనుమతి కావాలని నియమం పెట్టారు. ఆ పని చూడడానికి వేరే అధికారినే నియమించారు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారు, నోబెల్ బహుమతి తెచ్చిన ఆచార్యులకు ఇచ్చే గొప్ప గౌరవం ఏమిటనుకున్నారు? ఆవరణలో కారు నిలుపుకోవడానికి ప్రత్యేకంగా ఒక చోటు!

నాకు నచ్చిన కథ మాత్రం ఓక్లహోమాది. ఆ నగరంలో అంగళ్ళ ముందు కార్లు పొద్దస్తమానం కదలడం లేదని ఊరు గోలపెడితే, కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుడు పోలీసుల దగ్గరికి పోయి ఊరుకోలేదు. ఇంజనీరింగు కాలేజీకి పోయి, నాణెం వేస్తే గంట లెక్కపెట్టే యంత్రం చేసిపెట్టమన్నాడు. అక్కడి ఇద్దరు అధ్యాపకులు, థూసెన్, హేల్ అనేవారు, దాన్ని తయారుచేశారు. 1935 జూలై 16న మొదటి యంత్రం వీధిలో నిలబెట్టారు. గంటకు అయిదు సెంట్లు. ఊరి తగాదాను ఊరు కాలేజీ చేతికి పనిగా ఇచ్చిందన్నమాట. మన విజయవాడ చుట్టూ ఇంజనీరింగు కాలేజీలకు కొదవా? ఏ సందులో ఏ గంటకు ఎన్ని బండ్లు ఆగుతున్నాయో లెక్కకట్టమంటే ఆ పిల్లలకు వారం రోజుల పని.

గుణదలకు చేతకాని పనీ కాదు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత తిరునాళ్ళకు లక్షలమంది వస్తారు. ఏలూరు రోడ్డుమీద రాకపోకలు మళ్ళిస్తారు, బండ్లకు వేరే స్థలాలు చూపిస్తారు. ఫలానా రోజున ఇంతమంది వస్తారని ముందే తెలుసు గనక ఏర్పాటు చేస్తారు. మరి కాలేజీ కుర్రవాళ్ళు రావడం ఎవరికి తెలియదు? జూన్‌లో మొదలుపెట్టి మార్చిదాకా రోజూ అదే వేళకు, అదే దారిన, వాళ్ళే వస్తారు.

ఇంటివారిని కూడా ఒక మాట అనకుండా ఉండలేను. పైవాటా నలుగురు విద్యార్థులకు అద్దెకిచ్చి, "బండ్లు మాత్రం పెట్టకూడదు బాబూ" అనే పెద్దమనుషులు ఉన్నారు. మెస్సులూ, టిఫిను బళ్ళూ, జిరాక్సు కొట్లూ అన్నీ ఈ పిల్లల డబ్బుతో నడుస్తున్నవే. వాళ్ళు కావాలి, వాళ్ళ బండి వద్దంటే ఎట్లా? కాలేజీల సంగతి మరీ విడ్డూరం. ప్లానులో బండ్లకని చూపించిన చోటు నాలుగేళ్ళు తిరిగేసరికి జనరేటరు గదో, అదనపు తరగతి గదో అయి కూర్చుంటుంది.

లైసెన్సు ఉన్నవాడి బండిని లోపలికి రానిచ్చి, సినిమాహాలులో లాగా టోకెను ఇచ్చి నిలుపుకోవడం కాలేజీకి భారం కాదు. లైసెన్సు లేనివాడిని గేటు దగ్గర తిప్పిపంపడం కాదు, వాడి తండ్రికి ఆ పూటే ఫోను చేయాలి. "మీవాడు బండిమీద వచ్చాడండీ, మీరే ఇచ్చారా?" అని ఒక్క ప్రశ్న. మేం అధ్యాపకులం హాజరు పట్టీలో ఆబ్సెంటు పడితే ఫోను చేస్తూనే ఉన్నాం; దీనికి మాత్రం నోరెందుకు రాదు?

ఈ మాటే స్టాఫు సమావేశంలో అన్నాను. ప్రవేశ దరఖాస్తు తీసి చూపించాను. తండ్రి ఆదాయం, కులం, మాతృభాష, పుట్టుమచ్చలు అన్నిటికీ గళ్ళున్నాయి. "కాలేజీకి ఎలా వస్తావు?" అనే గడి లేదు. కొత్త దరఖాస్తులు అచ్చుకు వెళ్ళబోతున్నాయి. ఆ గడి, దానికింద తండ్రి సంతకానికి ఒక గీత, చేర్చమని రాసిచ్చాను.