పోగొట్టుకున్న సొమ్ములో వాటా

ఆన్‌లైన్ కేసినో గురించి వీడియోలు చేసేవారిలో చాలామందికి కంపెనీ జీతమివ్వదు, లింక్ ఇస్తుంది. దాని ద్వారా చేరినవారిని బట్టి కమీషన్ వస్తుంది. దీన్నే అఫిలియేట్ మార్కెటింగ్ (జనాన్ని చేర్పించి వాటా తీసుకోవడం) అంటారు.

ఆ లింక్‌లో ఒక కోడ్ దాగి ఉంటుంది. నొక్కగానే మన ఫోన్‌లో కుకీ (వెబ్‌సైట్ గుర్తుగా దాచుకునే చిన్న ఫైలు) చేరుతుంది. మనం తెరిచిన ఖాతా లింక్ ఇచ్చినవారి లెక్కలోకి వెళ్తుంది. చాలా ఒప్పందాల్లో ఖాతా నడిచినంత కాలం ఈ ముడి ఉంటుంది. వీడియో తీసేసినా తెగదు.

కమీషన్ ముఖ్యంగా రెండు రకాలు. సీపీఏ అంటే కొత్తగా డబ్బు వేసిన మనిషికింత అని ఒకేసారి ఇచ్చేది. రెండోది రెవెన్యూ షేర్ (ఆదాయంలో వాటా). కేసినోకి ఆదాయమంటే ఆడేవాళ్లు పోగొట్టుకున్నదే. ఒక కుర్రాడు నెలలో 20,000 రూపాయలు పోగొట్టుకున్నాడనుకుందాం. బోనస్, చెల్లింపు ఖర్చులు 3,000 తీసేస్తే మిగిలేది 17,000. వాటా 30 శాతమైతే లింక్ పెట్టినవారికి 5,100 వస్తుంది. మరుసటి నెల కుర్రాడు గెలిస్తే వీరి లెక్క మైనస్‌లోకి పోతుంది. కొన్ని కంపెనీలు ఆ మైనస్‌ను తర్వాతి నెలకు మోసుకెళ్తాయి. ప్లాటు చూపించిన బ్రోకర్‌కి మనం నష్టపోతే వచ్చే లాభమేమీ లేదు. ఇక్కడ ఉంది. నన్ను కలవరపెట్టేది ఇదే: మనం నమ్మి సలహా అడిగే మనిషి ఆదాయం మన ఓటమి మీద నడుస్తోంది.

ఇక ఎరగా చూపే బోనస్ సంగతి. 5,000 బోనస్ ఇచ్చి, 35 రెట్లు ఆడాకే డబ్బు తీసుకోవాలంటారు. అంటే 1,75,000 రూపాయల పందేలు. పందెం కాసిన సొమ్ములో సగటున 96 శాతం తిరిగిచ్చే స్లాట్ ఆటలో కూడా అందులో 7,000 పోతుంది. వచ్చిన బోనస్ కంటే ఎక్కువ. ఈ లెక్క వీడియోలో చెప్పరు.

ఇప్పుడు ఇది ఎందుకు తెలుసుకోవాలంటే, 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆమోదించింది. డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రకటన తయారుచేసినవారితో పాటు అందుకు సాయపడినవారూ దీని పరిధిలోకి వస్తారు. ఈ కంపెనీలు చాలావరకు విదేశాల్లో ఉంటాయి. లింక్ పెట్టినవారు మాత్రం ఇక్కడే, సొంత పేరుతో, సొంత బ్యాంకు ఖాతాతో దొరుకుతారు.