కడలి వాసన వెనుక కనపడని మేత

కోయని ఉల్లిపాయను ముక్కు దగ్గర పెట్టుకున్నా కంట నీరు రాదు. కత్తిపీట మీద కోస్తేనే ఘాటు. లోపల వేర్వేరు అరల్లో ఉన్న రెండు పదార్థాలు కోతతో కలిసి గంధకపు ఆవిరి పుడుతుంది. సముద్రపు ఒడ్డున ముక్కుకు తగిలే ప్రత్యేకమైన వాసనలోనూ ఇలాంటి సంగతే ఉంది. అక్కడ కత్తిపీట పని చేసేది కంటికి కనపడని జీవుల నోరు.

సముద్రంలో తేలే సూక్ష్మమైన నాచు గంధకం గల ఒక పదార్థాన్ని తనలో దాచుకుంటుంది. డి.ఎం.ఎస్.పి. అని దాని పొట్టి పేరు. ఉప్పునీటిని తట్టుకోవడానికి ఇది తోడ్పడుతుందని శాస్త్రజ్ఞుల భావన. నాచును మరో జీవి చిదిమి మింగినప్పుడు ఈ పదార్థానికి ఎంజైము తగులుతుంది. వెంటనే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు వెలువడుతుంది.

రొయ్యకు దూరపు చుట్టాలైన చిన్న పురుగులు నాచును మేసినప్పుడు ఈ వాయువు పెరుగుతుందని 1986లో అమెరికా శాస్త్రజ్ఞులు డేసీ, వేక్‌హామ్ చూపారు. 1997లో ఉల్ఫ్, స్టైన్కే, కిర్స్ట్ అంతకన్నా చిన్న జీవిని పరీక్షించారు. అది ఒంటి కణపు జీవి. దాని మేత ఎమిలియానియా హక్స్‌లీ అనే నాచు. వరుసగా 200 పేర్చితే గానీ ఒక మిల్లీమీటరు కాదు. ఉత్తర అట్లాంటిక్‌లో ఇది విరివిగా పెరిగినప్పుడు సముద్రం సున్నం కలిపినట్లు తెల్లబడుతుంది.

ఘాటు ఎక్కువున్న రకాన్ని, తక్కువున్న రకాన్ని కలిపి పెడితే ఆ జీవులు తక్కువ ఘాటు దానినే ఎంచుకున్నాయి. గేదె జిల్లేడును వదిలి గడ్డి చూసుకున్నట్లే. చచ్చాక పుట్టే ఘాటు ఎవరికి లాభమని అడగవచ్చు. ఈ నాచు రెండుగా చీలుతూ పెరుగుతుంది గనుక చుట్టూ దాని తోబుట్టువులు ఉండవచ్చు. లాభం వాటికి కావచ్చు.

పుట్టిన వాయువులో ఎక్కువ భాగాన్ని బాక్టీరియా తినేస్తుంది, కొంత ఎండకు చెడుతుంది. అయినా ఏటా 2 కోట్ల టన్నులకు పైగా గంధకం సముద్రం నుంచి ఈ రూపంలో గాలిలో కలుస్తోందని అంచనా. అక్కడ సన్నని రేణువులుగా మారి మేఘపు చినుకులకు విత్తనమవుతుంది. నాచు ఇలా భూమి వేడిని అదుపు చేస్తుందని 1987లో నలుగురు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు గానీ, 2011 నాటి సమీక్షలో ఆ మాట నిలవలేదు.

పక్షుల సంగతి మాత్రం నిలిచింది. 1995లో అమెరికా శాస్త్రజ్ఞురాలు గాబ్రియెల్ నెవిట్ అంటార్కిటికా వైపు సముద్రం మీద ఈ వాసనను వదిలి చూశారు. పెట్రెల్ జాతి పక్షులు కొన్ని వాసన పట్టుకుని వచ్చాయి. వాటి మేతలో రొయ్యల్లాంటి క్రిల్ అనే చిన్న జీవులు ఉంటాయి. ఆ క్రిల్ మేత నాచు.