సీసా ఖాళీ... గోడ నిండుగా!

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో షతో మూతో రోత్‌షీల్డ్ ద్రాక్షతోటల యజమాని బారన్ ఫిలిప్ ఆ ఏటి వైన్ సీసా మీద విజయానికి గుర్తుగా పెద్ద ‘వి’ అక్షరం వేయించాడు. గీసింది ఫిలిప్ జూలియన్ అనే కుర్ర చిత్రకారుడు. అప్పట్నుంచీ దాదాపు ఏటా ఒక కళాకారుడితో లేబుల్ వేయించడం అక్కడ ఆనవాయితీ అయింది. బ్రాక్, మీరో, షగాల్, వార్హోల్... మహామహులంతా వేశారు. 1958లో డాలీ గీసిన గొర్రె చంటిపిల్లాడి పిచ్చిగీతల్లా ఉంటుంది. ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ వంతు 2009లో వచ్చింది. వీళ్లకు ముట్టే పారితోషికం డబ్బు కాదు, వైన్ పెట్టెలు!

ఒకప్పుడు తోటవాళ్లకి లేబుల్ గొడవే లేదు. వైన్ పీపాల్లో వ్యాపారులకు వెళ్లిపోయేది, సీసాల్లో నింపుకోవడం వాళ్ల పని. పంట మొత్తం తోటలోనే సీసాలకెక్కాలని ఫిలిప్ 1924లో పట్టుబట్టాడు. సరుకు తన పేరుతో బయటికెళ్తుంటే ముఖం బాగుండొద్దూ? పోస్టర్ల చిత్రకారుడు జాన్ కార్లూని పిలిపించాడు.

ఇంత ముచ్చటపడి వేసిన బొమ్మ చివరికి సీసాతోపాటు చెత్తబుట్టలోకి పోతుంది. అలా పోనివ్వడం ఇష్టంలేనివాళ్లు లేబుళ్లు ఊడదీసి దాస్తారు. అగ్గిపెట్టె బొమ్మలు పోగేసిన బాల్యం ఉన్నవాళ్లకి ఈ పిచ్చి గురించి వేరే చెప్పక్కర్లేదు. నాపా తోటలు చూసొచ్చిన బే ఏరియా మనవాళ్ల ఇళ్లలోనో, నాసిక్ వెళ్లొచ్చిన మిత్రుల దగ్గరో సీసాలు దొరుకుతాయి. తాగింది ఎవరైనా, కాగితం మనది.

దాచినవాటిని గోడమీదికి ఎక్కించే విద్య డెకూపాజ్. 18వ శతాబ్దపు వెనిస్‌లో చైనా, జపాన్ లక్క సామాను మీద మోజు పెరిగింది. అది కొనలేనివాళ్ల కోసం పనివాళ్లు అడ్డదారి పట్టారు. బస్సానోలోని రెమొండీని ముద్రాపకుల బొమ్మల కాగితాలు తెచ్చి, రంగులద్ది, కత్తిరించి, బీరువాలకు అతికించి, వార్నిష్ పూత మీద పూత వేసేవారు. వేలితో తడిమితే కాగితం అంచు తగలకూడదు. పేదల లక్క అని దానికి పేరు. ఇప్పటికీ పనితనానికి పరీక్ష ఆ అంచే.

మొదటి తంటా ఊడదీయడం. తడి జిగురుతో అంటించిన లేబుల్ గోరువెచ్చని నీళ్లలో నానితే దానంతట అదే జారుతుంది. స్టిక్కరు రకానికి నీళ్లు పనిచేయవు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, ఒక మూల నుంచి సన్నటి బ్లేడుతో ఓపిగ్గా లేపాలి. తొందరపడితే చిరుగుతుంది.

తిన్నగా గోడకి మాత్రం అతికించొద్దు. మన వానాకాలపు చెమ్మకి నెల తిరక్కుండా బూజు పడుతుంది. ప్రైమర్ కొట్టి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దిన ప్లైవుడ్ పలకే మేలు. ముందుగా లేబుళ్లన్నీ జిగురు లేకుండా పరిచి, అటూ ఇటూ జరిపి చూసుకోండి. అసలు కళ ఇక్కడే ఉంది. బంగారు రేకువన్నీ ఒకేచోట పెడితే మిగతావి వెలవెలబోతాయి. ఎక్కువభాగం తెల్లగా ఉండే పాత బోర్డో లేబుళ్లు వాటి మధ్య ఊపిరి తీసుకునే చోటిస్తాయి. వరసలు కట్టి అతికిస్తే కిరాణాకొట్టు అలమారలా ఉంటుందని నా అభిప్రాయం.

పలకకీ కాగితానికీ కూడా జిగురు పల్చగా రాసి, మధ్యనుంచి అంచులకి వేలితో నొక్కుతూ వెళ్తే గాలిబుడగలు పోతాయి. ఆరాక నీటి వార్నిష్ పూతలు. నాలుగైదు పూతలకోసారి సన్నరకం ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది, తుడిచి మళ్లీ పూయాలి. ఖర్చు కలిసొస్తుందని ఫెవికాల్‌నే పైపూతగా వేస్తుంటారు. ఉక్కపోత రోజుల్లో అది చేతికి అంటుకుంటూనే ఉంటుంది.

అరుదైన లేబుల్ ఉంటే దాన్ని ఆల్బమ్‌లో ఉంచి, లేజర్ కాపీ అతికించండి. మూతోకి మొదటి శ్రేణి హోదా దక్కిందీ, పికాసో చనిపోయిందీ 1973లోనే. ఆ ఏటి సీసా మీద ఆయన బొమ్మే ఉంటుంది. అలాంటిది వార్నిష్ కింద పడితే మళ్లీ బయటికి రాదు. ఇంక్‌జెట్ కాపీ మాత్రం వద్దు, తడి తగిలితే రంగు పారుతుంది. పలకని ఎండ తిన్నగా పడే చోట తగిలించకండి. ఎరుపులు త్వరగా వెలిసిపోతాయి.