ఈవీ బ్రేక్ పెడల్ మెత్తగా దిగుతోందా? ఘాట్ రోడ్డెక్కే ముందే చూసుకోండి

పొదిలి నుంచి మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లు ఇది తప్పక వినండి. ఈవీలో స్పీడు తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది. అదే రీజెన్. అందుకే బ్రేకులో లోపమున్నా రోజూ తెలీదు. బ్యాటరీ ఫుల్‌గా ఉంటే రీజెన్ తగ్గిపోతుంది. అప్పుడు ఘాట్ దిగితే భారమంతా బ్రేకుల మీదే!

బండి ఆపి, ఆన్‌లోనే ఉంచి, పెడల్ తొక్కిపట్టండి. మెల్లగా కిందికి జారుతోందా? లీకేజీ గానీ మాస్టర్ సిలిండర్ లోపం గానీ ఉండొచ్చు. నాలుగైదుసార్లు తొక్కాక గట్టిపడుతోందా? లైన్లో గాలి ఉండొచ్చు.

బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. ఆవిరి పుడితే పెడల్ మెత్తబడుతుంది. లీకేజీ లేకపోతే ఆయిల్ మార్పించి బ్లీడింగ్ చేయించండి. చాలా ఈవీలకు దీనికి స్కానర్ కావాలి. అందుకే సర్వీస్ సెంటర్‌కే పంపండి, అదీ నడుపుకుంటూ కాదు, టోయింగ్‌లో.