రోగి పక్కన నిలబడినవారికి ఎంత ప్రమాదం?

కరోనా రోజుల్లో ఆసుపత్రి అనగానే మనకు రెండు దృశ్యాలు గుర్తుకొస్తాయి. ఒకటి, ఆక్సిజన్ కోసం ఎదురుచూసే రోగి. రెండోది, తల నుంచి పాదాల దాకా తెల్లని కిట్టు తొడుక్కున్న డాక్టరు. ఆ కిట్టు లోపలి మనిషికి ఎంత ప్రమాదం ఉండేది? ఆ కిట్టు కూడా లేకుండా అదే వార్డులో నేల తుడిచిన మనిషికి ఎంత ఉండేది? ఈ ప్రశ్నలు మనం పెద్దగా వేసుకోలేదు. సేవా సంస్థల్లో పనిచేసేవారు ఇవి తప్పక వేసుకోవాలి. రోగిని ఆసుపత్రికి చేర్చేది, సిలిండరు మోసేది, చివరికి జనాజాకు భుజం పట్టేది చాలాచోట్ల మన కుర్రవాళ్లే కదా.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచవ్యాప్తంగా 80,000 నుంచి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది కరోనాతో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మధ్యస్థంగా 1,15,000 అనుకోవచ్చని చెప్పింది. అంకెల మధ్య ఇంత దూరం ఎందుకంటే, చాలా దేశాల్లో సిబ్బంది మరణాలను విడిగా లెక్కపెట్టలేదు. మన దేశంలో మొదటి, రెండవ దఫాల్లో కలిపి వెయ్యిమందికి పైగా డాక్టర్లు పోయారని భారత వైద్య సంఘం తెలిపింది. డాక్టర్ల లెక్క చూడటానికి ఒక సంఘం ఉంది. ఆయాల లెక్క, వార్డుబాయ్‌ల లెక్క అంత శ్రద్ధగా ఎవరు రాశారు?

మామూలు మనిషితో పోలిస్తే వీరికి ప్రమాదం ఎన్ని రెట్లు? బ్రిటన్, అమెరికాల్లో దాదాపు లక్షమంది ఆరోగ్య సిబ్బందిని, 20 లక్షల మంది సాధారణ ప్రజలను పోల్చి చూశారు. పైపైన చూస్తే సిబ్బందిలో పాజిటివ్ వచ్చే అవకాశం 11 రెట్లకు పైగా కనిపించింది. అయితే ఆసుపత్రి సిబ్బంది పరీక్షలు ఎక్కువగా చేయించుకుంటారు కాబట్టి కేసులు కూడా ఎక్కువగా బయటపడతాయి. ఆ తేడాను సరిచేసి లెక్క కడితే 3.4 రెట్లు అని తేలింది. పేపర్లో అంకె కనిపించగానే నమ్మకుండా, అది ఎలా వచ్చిందో అడగాలని పిల్లలకు చెప్పడానికి నేను ఈ ఉదాహరణనే వాడతాను. సరిచేసిన తర్వాత కూడా మూడు రెట్లకు పైనే ఉందంటే అది చిన్న ప్రమాదం కాదు.

ఇది మొదటిసారి కాదు

2003లో సార్స్ వచ్చినప్పుడు ప్రపంచంలో 8,000 పైచిలుకు కేసులు నమోదైతే, అందులో దాదాపు ఐదోవంతు ఆరోగ్య సిబ్బందే. ఆ జబ్బు కొత్తదని హనోయ్ నగరం నుంచి లోకాన్ని హెచ్చరించిన ఇటలీ డాక్టరు కార్లో ఉర్బానీ, అదే జబ్బు సోకి 2003 మార్చి 29న చనిపోయారు. పదిహేడేళ్ల తర్వాత వుహాన్‌లో తోటి డాక్టర్లను హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్ 2020 ఫిబ్రవరి 7న కన్నుమూశారు. ఆయన కంటి డాక్టరు. నీటికాసుల జబ్బుతో వచ్చిన ఒక రోగి నుంచి ఆయనకు సోకింది. ఆ రోగికి అప్పటికి కరోనా లక్షణాలేమీ లేవు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ వైరస్ సోకినవారు లక్షణాలు బయటపడటానికి సుమారు రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలరు. లక్షణాలు మొదలయ్యే సమయంలోనే వారి గొంతులో, ముక్కులో వైరస్ బాగా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి 'కరోనా రోగి' అని బోర్డు పెట్టిన మంచం కన్నా, ఇంకా ఏమీ తేలని రోగి కూర్చున్న బెంచీ ఎక్కువ ప్రమాదం కావచ్చు. కంటి డాక్టరు, పంటి డాక్టరు, చెవి ముక్కు గొంతు డాక్టరు రోగి ముఖానికి జానెడు దూరంలో పనిచేస్తారు. వారికి ప్రమాదం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఐసీయూ కన్నా వార్డులోనే ఎక్కువ

అందరూ ఐసీయూలో పనిచేసేవారికే ఎక్కువగా సోకుతుందని అనుకున్నారు. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ ఆసుపత్రుల్లో, లక్షణాలు లేకుండా డ్యూటీ చేస్తున్న 500 మందికి పైగా సిబ్బంది రక్తం పరీక్షించారు. ఒంట్లో యాంటీబాడీలు ఉంటే అంతకుముందే వైరస్ సోకిందని అర్థం. ఐసీయూ సిబ్బందిలో 14.8 శాతం మందికి సోకినట్టు తేలింది. అక్యూట్ మెడిసిన్ విభాగంలో 33.3 శాతం. పారిశుద్ధ్య సిబ్బందిలో 34.5 శాతం. అంటే చీపురు పట్టుకున్న మనిషికి వెంటిలేటరు దగ్గరున్న మనిషి కన్నా రెట్టింపుకు మించి సోకింది.

కారణాలు ఆలోచిస్తే ఆశ్చర్యం ఉండదు. ఐసీయూలో గాలి గంటకు ఎన్నోసార్లు మారే ఏర్పాటు ఉంటుంది. మంచి మాస్కులు ముందు అక్కడికే ఇచ్చారు, వాడే శిక్షణా ఇచ్చారు. రోగి అక్కడికి చేరేది జబ్బు మొదలైన చాలా రోజులకు. అప్పటికి వైరస్ కొంత తగ్గి ఉంటుంది. వార్డులోనేమో కిటికీలు మూసి ఉంటాయి, రోగులు దగ్గుతుంటారు, స్వీపరు ప్రతి మంచం కిందకీ వంగి తుడుస్తుంది. ఆమెకు ఇచ్చింది పలుచని మాస్కు. అయితే గొట్టం వేసే సమయం మాత్రం ఐసీయూలోనూ ప్రమాదమే. మన దేశంలో ఐసీఎంఆర్ జరిపిన పరిశీలనలో కూడా రోగి గొంతులోకి గొట్టం వేసిన సిబ్బందికి సోకే అవకాశం ఎక్కువని తేలింది.

మాస్కు, గడ్డం, టీ గది

ఎన్-95 మాస్కులోని పోగులకు విద్యుదావేశం ఉంటుంది. అది సన్నని కణాలను అయస్కాంతం ఇనుప రజనును లాగినట్టు లాగి పట్టుకుంటుంది. 0.3 మైక్రాన్ల కణాలను కనీసం 95 శాతం ఆపుతుంది కాబట్టి దానికి ఆ పేరు. కానీ అంచులు ముఖానికి అతుక్కుంటేనే ఈ లెక్క. పక్కల్లో సందు ఉంటే గాలి వడపోత లేకుండా ఆ దారినే వస్తుంది. మాస్కు పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలి చూడండి. కళ్లకు గాని చెంపలకు గాని గాలి తగిలితే అది సరిగా అమరలేదన్నమాట.

గడ్డం ఉన్నవారికి ఈ అమరిక కుదరదు. ఇది మనలో చాలామందికి సంబంధించిన విషయం. బ్రిటన్‌లో సిక్కు డాక్టర్లు దీనికి ఒక ఉపాయం చేశారు. సాగే రబ్బరు పట్టీని గడ్డం మొత్తం కప్పేలా కింది నుంచి పైకి తీసుకెళ్లి తలమీద ముడివేసి, దానిపై మాస్కు పెట్టుకున్నారు. దీనికి 'సింగ్ ఠాఠా పద్ధతి' అని పేరు. ఫ్యానుతో శుభ్రమైన గాలిని లోపలికి పంపే తలతొడుగు మరో మార్గం, కాకపోతే ఖర్చు ఎక్కువ.

కిట్టు తొడిగేటప్పటి కన్నా విప్పేటప్పుడే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. అలసిపోయి, చెమటతో తడిసి, ఎప్పుడు విప్పేద్దామా అన్నట్టు ఉంటుంది ప్రాణం. మురికి చేయి ముఖానికి తగిలేది అప్పుడే. అందుకే చేతితొడుగులు ముందు, మాస్కు చివర, మధ్య మధ్య చేతులు కడగడం అనే క్రమం పెట్టారు. ఇక రోగి దగ్గర పది జాగ్రత్తలు తీసుకున్నవారు కూడా టీ గదిలో మాస్కు తీసి పక్కపక్కన కూర్చుని టిఫిను డబ్బా విప్పుతారు. తోటి ఉద్యోగి మనకు రోగిలా కనిపించడు. అందుకే అక్కడ జాగ్రత్త జారిపోతుంది.

ఇంటిదాకా వచ్చే ప్రమాదం

స్కాట్లాండ్‌లో 2020లో మొదటి దఫా లెక్కలు తీస్తే, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసువారిలో కరోనాతో ఆసుపత్రిలో చేరిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఆరోగ్య సిబ్బంది లేదా వారి ఇంటివారు. రోగులతో నేరుగా పనిచేసేవారి ఇంట్లోవాళ్లకు కూడా ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం దాదాపు రెట్టింపు. మన దేశంలో దీనికి అవమానం తోడైంది. అద్దె ఇళ్లు ఖాళీ చేయిస్తున్నారని 2020 మార్చిలో ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్ల సంఘం హోంమంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. సిబ్బందిపై దాడి చేస్తే జైలుశిక్ష విధించేలా ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. చప్పట్లు కొట్టిన చేతులే తలుపులు మూయడం మనమందరం తలదించుకోవలసిన విషయం.

టీకా వచ్చాక పరిస్థితి మారింది. మన దేశంలో 2021 జనవరి 16న మొదలైన టీకాలు ముందు వీరికే ఇచ్చారు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి తన 10,600 మంది సిబ్బందిని రెండవ దఫాలో గమనించింది. రెండు డోసులు సోకడాన్ని 65 శాతం, ఆసుపత్రిలో చేరడాన్ని 77 శాతం, ఆక్సిజన్ అవసరాన్ని 92 శాతం, ఐసీయూ అవసరాన్ని 94 శాతం తగ్గించాయి. టీకా వేసుకున్నా సోకవచ్చు, కానీ ప్రాణం మీదికి రావడం చాలా తగ్గుతుంది.

మనం చేయవలసినవి

సేవకు పంపేముందు మన వాలంటీర్లకు మాస్కు అమరిక, కిట్టు విప్పే క్రమం నేర్పాలి. ఆంబులెన్సులో కిటికీలు తెరిచి ఉంచాలి. మృతదేహం దగ్గదు, తుమ్మదు. ఒంటి నుంచి వచ్చే ద్రవాలు తగలకుండా చూసుకుంటే, అక్కడ గుమిగూడిన బతికున్నవారి నుంచే ఎక్కువ ప్రమాదం. కాబట్టి గుంపును తగ్గించాలి.

ఇంకొకటి. 2020 మార్చిలో కేంద్రం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా స్వీపర్లకు, వార్డుబాయ్‌లకు, ఆశా కార్యకర్తలకు కూడా వర్తించింది. కానీ క్లెయిము కావాలంటే ఆ మనిషి కరోనా డ్యూటీ చేశాడని సంస్థ కాగితం ఇవ్వాల్సి ఉండేది. కాంట్రాక్టు మనిషి దగ్గర ఆ కాగితం తేలిగ్గా ఉండేది కాదు. అందుకే మన వాలంటీరు ఎవరు, ఏ రోజు, ఎక్కడికి వెళ్లారో ఒక రిజిస్టరులో రాసి సంతకం పెట్టించాలి. ఖర్చు ఒక నోటు పుస్తకం. రేపు ఒక కుటుంబానికి అదే ఆధారం కావచ్చు. మనకు తెలిసిన ఆసుపత్రుల్లో ఆయాలకు, స్వీపర్లకు మంచి మాస్కులు అందుతున్నాయా అని కూడా అడుగుదాం. మరో జబ్బు వచ్చిన నాడు మొదట లోపలికి వెళ్లేది వాళ్లే.