ఇంటి కంప్యూటరుకు ఏ సహాయక ప్రోగ్రాములు అవసరం?

మన సంఘాల కార్యదర్శులలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు కంప్యూటరు ఉన్నది. పిల్లల చదువు కోసం కొన్నదే అయినా, సాయంత్రం పాల సేకరణ ముగిసిన తరువాత దాని ముందు కూర్చొని బిల్లుల పట్టిక సరిచూసుకొనేవారు, సర్వసభ్య సమావేశానికి నివేదిక తయారుచేసుకొనేవారు తక్కువేమీ కాదు. కేంద్రంలోని యంత్రం నుండి పెన్ డ్రైవులో లెక్కలు ఇంటికి రావడం, ఇంటి నుండి తిరిగి కేంద్రానికి పోవడం మామూలైపోయింది. అందువల్ల ఆ ఇంటి కంప్యూటరు చెడిపోతే ఒక్క ఇంటికే కాదు, సంఘంలో పాలు పోసే వారందరికీ ఇబ్బందే. ఈ కారణంగానే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఉత్తరం టైపు చేసేవి, లెక్కలు వేసేవి ఒక రకం ప్రోగ్రాములు. కంప్యూటరునూ, అందులో దాచిన ఫైళ్లనూ కనిపెట్టి చూసుకొనేవి ఇంకొక రకం. ఈ రెండవ రకాన్నే యుటిలిటీలు అంటారు. వైరస్‌ను పట్టేవి, ఫైళ్లను కుదించి కట్టగట్టేవి, చెరిగిపోయినదాన్ని తిరిగి తెచ్చేవి, నకళ్లు తీసేవి అన్నీ ఈ కోవలోనివే. 1982లో అమెరికాలో పీటర్ నార్టన్ అనే ఆయన చెరిపివేసిన ఫైలును తిరిగి తెచ్చే ప్రోగ్రామును నార్టన్ యుటిలిటీస్ పేరుతో అమ్మకానికి పెట్టారు. దానికి గొప్ప గిరాకీ వచ్చింది. ఆ రోజులలో కంప్యూటరుతో పాటు వచ్చే సరంజామా చాలా తక్కువ కనుక, ఇటువంటివి విడిగా కొనుక్కోక తప్పేది కాదు.

ఇప్పటి పరిస్థితి వేరు. అప్పట్లో విడిగా కొన్నవాటిలో చాలా భాగం నేడు విండోస్‌లోనే కలిసి వస్తున్నాయి. కాబట్టి ఏ ప్రోగ్రాము మంచిదని అడిగే ముందు, ఆ పని చేసేది మన యంత్రంలో ఇప్పటికే ఉన్నదా అని చూసుకోవాలి. లోపల ఉన్నదాన్ని వాడకుండా బయటిది తెచ్చి పెట్టుకొని చిక్కులు పడినవారినే మేము ఎక్కువగా చూశాము.

వేగం పెంచుతామనే ప్రోగ్రాములు

కంప్యూటరు మెల్లగా నడుస్తున్నదని అనిపించగానే అబ్బాయో, తెలిసినవారో ఒక "స్పీడు" ప్రోగ్రామును దించి పెడతారు. అది ఒక నిమిషం తిరిగి, మీ యంత్రంలో వెయ్యికి పైగా తప్పులు ఉన్నాయని ఎర్ర అక్షరాలతో చూపుతుంది. సరిచేయాలంటే డబ్బు కట్టమంటుంది. ఆ తప్పులలో అధిక భాగం తప్పులే కావు. విండోస్ తన అమరికలను వ్రాసుకొనే పద్దును రిజిస్ట్రీ అంటారు. అందులో వాడుకలేని పంక్తులు కొన్ని మిగిలి ఉండడం సహజం. వాటిని తీసివేసినందువల్ల కంటికి కనిపించేంత వేగం రాదు. పొరపాటున అవసరమైన పంక్తి పోతే మాత్రం ఏదో ఒక ప్రోగ్రాము తెరుచుకోకుండా పోతుంది. రిజిస్ట్రీని శుభ్రపరిచే ప్రోగ్రాములను తాము సమర్థించబోమని విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వారే చెబుతున్నారు.

పేరున్న ప్రోగ్రాము అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. సీక్లీనర్ అనేది లోకమంతా వాడిన శుభ్రపరిచే ప్రోగ్రాము. 2017 ఆగస్టులో విడుదలైన దాని 5.33 ప్రతిలో దుండగులు తమ కోడును చొప్పించారు. తయారీదారు సొంత సైటు నుండే దించుకున్నవారికి కూడా అది చేరింది. సుమారు 22 లక్షల 70 వేల మంది యంత్రాలలో ఆ ప్రతి ఉన్నట్లు ఆ సెప్టెంబరులో బయటపడింది. అవసరం లేని ప్రోగ్రాము ఒక్కటి ఎక్కువైతే తలుపు ఒకటి ఎక్కువైనట్లే.

అడ్డమైన ఫైళ్లను తీసివేయడానికి 2017 నుండి విండోస్‌లోనే స్టోరేజ్ సెన్స్ అనే సదుపాయం ఉన్నది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, తరువాత స్టోరేజ్ అన్న చోట దొరుకుతుంది. అయితే తాత్కాలిక ఫైళ్ల జాబితాలో "డౌన్‌లోడ్స్" అన్న పేరు కూడా కనబడుతుంది. దానికి టిక్కు పెట్టారో, యూనియన్ నుండి దించుకున్న ధరల పట్టికలు, సర్క్యులర్లు కూడా చెత్తతో పాటే పోతాయి. ఆ ఒక్క గడి రెండుసార్లు చూసుకోండి.

డిస్కు సర్దడం, అనగా డీఫ్రాగ్, కూడా విండోస్ వారానికొకసారి తనంతట తానే చేసుకుంటుంది. పాత తిరిగే హార్డు డిస్కుకు అది మేలు. కొత్త యంత్రాలలోని ఎస్.ఎస్.డి.కి ఆ సర్దుబాటు అక్కరలేదు. విండోస్ ఆ తేడా గుర్తించి, దానికి తగిన పనే చేస్తుంది. దీని కోసం విడిగా ప్రోగ్రాము కొనడం దండగ. నిజంగా వేగం కావాలనుకుంటే ఆ డబ్బుతో పాత హార్డు డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయించుకోవడం మంచిది. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో అయితే ముందు ఒక యు.పి.ఎస్. కొనాలి. మా లెక్కలో అదే మొదటి యుటిలిటీ!

వైరస్ కాపలా

2012లో వచ్చిన విండోస్ 8 నుండి డిఫెండర్ అనే కాపలా ప్రోగ్రాము లోపలే వస్తున్నది. ఇంటి వాడకానికి ఇది సరిపోతుందని మా అభిప్రాయం. ఇంకొకటి కొనదలచుకుంటే తప్పేమీ లేదు గాని, రెండు బయటి కాపలా ప్రోగ్రాములను ఒకే యంత్రంలో పెట్టకూడదు. ఒకదానినొకటి అనుమానించుకొని యంత్రాన్ని కదలనీయవు. పెన్ డ్రైవు కేంద్రానికీ ఇంటికీ తిరుగుతుంటుంది కాబట్టి, దాన్ని గుచ్చిన ప్రతిసారీ ముందు స్కాన్ చేసి, తరువాతనే తెరవాలి.

కాపలా కంటే ముఖ్యమైనది విండోస్‌కు ఎప్పటికప్పుడు వచ్చే సవరణలను వేసుకోవడం. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ దేశదేశాలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది ప్రవేశించిన సందును పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ వారు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చారు. వేసుకున్న యంత్రాలు బయటపడ్డాయి. విండోస్ 10కు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ ఇంట ఆ రకం యంత్రం ఉంటే, విండోస్ 11కు మార్చడానికి వీలుందో లేదో ముందు తేల్చుకోండి. ఆ తరువాతనే మిగతా ప్రోగ్రాముల సంగతి.

కట్టగట్టే ప్రోగ్రాములు

పెద్ద ఫైళ్లను కుదించడానికి, కొన్నింటిని ఒకే కట్టగా పంపడానికి విండోస్‌లోని జిప్ సదుపాయం చాలు. కట్టకు గట్టి సంకేతపదం పెట్టాలన్నా, వేరే రకాల కట్టలు విప్పాలన్నా సెవెన్ జిప్ అనే ప్రోగ్రాము వాడవచ్చు. ఇగోర్ పావ్లోవ్ అనే రష్యా నిపుణుడు 1999లో విడుదల చేసిన ఈ ప్రోగ్రాము ఇంట్లోనైనా, కార్యాలయంలోనైనా ఉచితమే. ఒక లోపం ఉన్నది. అది తనంతట తాను కొత్త ప్రతిని తెచ్చుకోదు. అప్పుడప్పుడు మనమే వెళ్లి దించుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. విన్‌రార్ అనే మరో ప్రసిద్ధ ప్రోగ్రాములో 19 ఏళ్లుగా దాగి ఉన్న ఒక లోపాన్ని నిపుణులు 2019లో బయటపెట్టారు. సరిచేసిన ప్రతి వచ్చిన తరువాత కూడా, పాతది మార్చుకోనివారు ఆ లోపంతోనే ఉండిపోయారు.

చెరిగిన ఫైలు తిరిగి తేవడం

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. మాకు తెలిసిన ఒక సంఘం కార్యదర్శి గారు ఆరు నెలల పాల బిల్లుల ఫైళ్లను ఇంటి కంప్యూటరులో మాత్రమే ఉంచుకున్నారు. ఒక రాత్రి పొరపాటున ఆ ఫోల్డరు మొత్తం చెరిగింది, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ అయింది. కుమారుడు చురుకైనవాడు. వెంటనే ఫైళ్లను తిరిగి తెచ్చే ప్రోగ్రాములు మూడు వెదికి, అదే డిస్కులో ఒకదాని తరువాత ఒకటి వేశాడు. మరునాడు మమ్మల్ని పిలిపించారు. "సార్, రాత్రి పేర్లయినా కనిపించినాయి, ఇప్పుడు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే" అన్నారు కార్యదర్శి గారు.

జరిగినదేమిటో అర్థం చేసుకోవడానికి సభ్యత్వ రిజిస్టరును తలచుకోండి. ఫైలును చెరిపినప్పుడు కంప్యూటరు చేసేది, సూచికలో ఆ పేరు కొట్టివేసి, ఆ పేజీలు ఖాళీ అని గుర్తు పెట్టుకోవడమే. పేజీల మీది వ్రాత వెంటనే పోదు. దాని మీద కొత్త వ్రాత పడినప్పుడే పోతుంది. ఆ అబ్బాయి దించిన ప్రోగ్రాములు మూడూ సరిగ్గా ఆ పేజీల మీదే వచ్చి కూర్చున్నాయి. వెంటనే కంప్యూటరు ఆపివేసి, డిస్కును వేరొక యంత్రానికి తగిలించి, అక్కడ ఫోటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాముతో వెదికి ఉంటే సగమైనా దొరికేది. ఫైలు పేర్లు రావు, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి, అయినా లెక్క దొరికేది. చివరకు సభ్యుల దగ్గర ఉన్న పాల కార్డులన్నీ తెప్పించి, పూటపూటా లీటర్లు, వెన్న శాతం చూసి తిరిగి వ్రాసుకోవలసి వచ్చింది. కార్డు పోగొట్టుకున్న ఇద్దరు ముగ్గురి విషయంలో కొంత మాటా మాటా కూడా అయింది. ఆ సంగతి ఇక్కడ వద్దు.

ఎస్.ఎస్.డి. ఉన్న యంత్రాలలో ఈ ఆశ కూడా చాలా తక్కువ. ఖాళీ అని గుర్తు పెట్టిన పేజీలను అది తనంతట తానే తుడిచి ఉంచుకుంటుంది. కొద్ది సేపటికే వ్రాత పూర్తిగా పోతుంది. కనుక తిరిగి తెచ్చే ప్రోగ్రామును నమ్ముకొని ఉండకూడదు.

నకలు తీయడమే అసలు పని

ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాల మీద, వాటిలో ఒకటి వేరొక చోట ఉండాలని నిపుణులు చెబుతారు. మన సంఘానికి దీన్ని ఇలా అన్వయించుకోవచ్చు: ఒక ప్రతి కంప్యూటరులో, రెండవది బయటి హార్డు డిస్కులో, మూడవది సంఘ కార్యాలయం బీరువాలో. ఇంటర్నెట్‌లో దాచుకొనే సదుపాయం ఉన్నవారు మూడవదాన్ని అక్కడ పెట్టుకోవచ్చు. బయటి డిస్కును ఎల్లవేళలా తగిలించి ఉంచకండి. వైరస్ వచ్చి తాళం వేస్తే దానికీ వేస్తుంది. నకలు తీసి, తీసివేసి, పైన పెట్టండి.

నకలు తీయడానికి విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఉన్నది. అది వద్దనుకుంటే తేదీ పేరుతో ఫోల్డరు పెట్టి కాపీ చేసుకున్నా ఫరవాలేదు. ఏ పద్ధతి అయినా, బిల్లులు పంచిన రోజునే నకలు తీయడం అలవాటు చేసుకుంటే మరపు రాదు. మూడు నెలలకొకసారి ఆ నకలులోని ఏదో ఒక ఫైలు తెరిచి, పోయిన పక్షం బిల్లుతో సరిచూడండి. తెరుచుకోని నకలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. యూనికోడ్‌కు ముందటి తెలుగు అక్షరాలతో టైపు చేసిన పాత తీర్మానాలు, ఉత్తరాలు ఉంటే ఆ ఫాంటు ఫైలును కూడా నకలులో చేర్చండి. అది లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు వస్తాయి.

డిస్కు ఆరోగ్యం తెలుసుకోవడానికి క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఉపయోగపడుతుంది. డిస్కు తన గురించి తాను వ్రాసుకొనే లెక్కలను చదివి, బాగున్నదో, జాగ్రత్త పడాలో ఒక్క మాటలో చెబుతుంది. బొమ్మలున్న ప్రతులు కూడా ఉన్నాయి గాని సాదాది చాలు. "జాగ్రత్త" అని చూపిన నాడే కొత్త డిస్కు కొనండి. బాగున్నదని చూపిన డిస్కు మరునాడు ఆగిపోవడమూ ఉన్నది. అందుకని నకలు మానరాదు.

దూరం నుండి సరిచేసే ప్రోగ్రాములు

ఎనీడెస్క్ వంటివి దూరాన ఉన్నవారికి మన తెరను అప్పగిస్తాయి. హైదరాబాదులో ఉన్న మీ అమ్మాయి ఊళ్లోని కంప్యూటరును సరిచేయడానికి ఇవి బాగానే పనికివస్తాయి. బ్యాంకు నుండి అంటూ ఎవరో ఫోను చేసి దీన్ని వేసుకోమంటే మాత్రం వెంటనే ఫోను పెట్టివేయండి. ఈ పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. సంఘం ఖాతా వ్యవహారాలు చూసే కంప్యూటరులో ఇటువంటిది అసలు ఉంచకపోవడం మేలు. ఒకవేళ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఉచితం అన్న మాటను గూర్చి ఒక సూచన. కొన్ని ప్రోగ్రాములు ఇంటి వాడకానికే ఉచితం, కార్యాలయంలో వాడితే డబ్బు కట్టాలి. ఎనీడెస్క్ అటువంటిదే. ఇంట్లో వాడినదాన్నే పెన్ డ్రైవులో తెచ్చి సంఘం కంప్యూటరులో వేసే ముందు ఆ షరతు చదవండి. సంఘం కోసం డబ్బిచ్చి కొన్నది ఏదైనా ఉంటే, పాలకవర్గ తీర్మానం నంబరు రసీదు మీద వ్రాసి, లైసెన్సు అంకెతో సహా ఆ నెల వోచర్లలో చేర్చి ఉంచండి.